ఇల్లులాగుడు

కిల్చే, చిలోయే దీవి, చిలీ
12 జనవరి 1981

తమ్ముడూ లిబోరియో,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. మీ బావ వాటిని విప్పిన వెంటనే తొడుక్కున్నాడు. మనకి జనవరి అంటే నడి ఎండాకాలం, కాళ్ళు ఉడికిపోతాయని చెప్పినా వినడు. మీ పుంటా అరేనాస్ చలి ఆ మేజోళ్ళతో పాటు ఊళ్ళోకి దిగే ఉంటుందట, ముందుజాగ్రత్తట.

ఆయన నవ్వుతున్నాడు కదా అని నీకు అసలు సంగతి దాచాలనుకున్నాను. దాచి ఏం చేస్తాను? పోయిన వారం వాకిటి మెట్ల మీద జారి పడ్డాడు. ఎముకలు విరగలేదు గానీ నుదురు చిట్లింది. అంతకు ముందు పొయ్యి అంచు తగిలి అరచెయ్యి కాలింది. చూపు పూర్తిగా పోయింది తమ్ముడూ. వెలుగుకీ చీకటికీ తేడా తెలియడం లేదని నాతో చెప్పలేదు, పడవలో వచ్చే నర్సు మార్గోత్‌తో చెప్పాడు. పక్కనే నిలబడి విన్నాను.

ఆ నర్సు ఇల్లంతా తిరిగి చూసింది. కొండ మీద ఇల్లు, నిటారు మెట్లు, ఎత్తు గడపలు, పెరటి చివర ఎక్కడో మరుగుదొడ్డి. చలికాలం వచ్చే లోపల ఇల్లు ఈయనకు పనికొచ్చేలా చేయించకపోతే, కాస్త్రోలో సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమానికి పేరు రాయక తప్పదంది. మంచి మనిషే, కసురుకోలేదు. ఆమె వెళ్ళాక మీ బావ కిటికీ తెరిచి హోరు వింటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "అక్కడ సముద్రం వినపడదే. నన్ను అక్కడికి పంపితే గోడల మధ్య పిచ్చెక్కి చస్తాను" అని.

ఇంత జరిగినా ఒక్కడే బయట తిరగడం మానలేదు. ఆయన లెక్క ఆయనకుంది. సముద్రం హోరు మొహానికి తగులుతుంటే ఇంట్లోంచి బయటికి పోతున్నట్టు, వీపుకు తగులుతుంటే ఇంటికి వస్తున్నట్టు. పొగమంచులో పడవ నడిపినవాడికి కళ్ళతో ఏం పని అంటాడు. పడిన రోజున కూడా ఇదే అన్నాడు, నెత్తురు తుడుస్తుంటే.

మాకు పిల్లల్లేరు. పడవల కార్ఖానాలో తలపండిన వడ్రంగివి, నువ్వు తప్ప అడగడానికి ఎవరున్నారు? ఏం చేయాలో రాయి. ఆయన్ని ఆశ్రమానికి పంపి నేను ఈ ఇంట్లో ఒక్కదాన్నీ అన్నం తినలేను.

నీ అక్క
ఒతీలియా


పుంటా అరేనాస్
2 ఫిబ్రవరి 1981

అక్కా,

ముందు బావకి ఇది చదివి వినిపించు: బావా, మెట్లు దిగేవాడు దిగాలి గానీ దొర్లకూడదు. మా అక్కని చేసుకున్న రోజునే నీకు కళ్ళు లేవని ఊరంతా అనుకున్నారు, ఇప్పుడు కొత్తగా పోయిందేముంది?

ఇక నీకు. ఆశ్రమం మాట మరిచిపో. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ చెక్కల మీదా చిత్తు కాగితాల మీదా గీతలు గీస్తూనే ఉన్నాను. కొండ మీద ఉన్నంతకాలం ఆ ఇంటికి ఏం చేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఇల్లు కిందికి రావాలి. తీరం పక్కన కొత్త రోడ్డు పడిందిగా, దాన్ని ఆనుకుని సముద్రం వైపు మీ బంగాళాదుంపల చేను ఉంది. ఇంటిని అక్కడికి లాగించు. బస్సు వాకిట్లో ఆగుతుంది, నర్సు బూట్లకు బురద అంటకుండా వస్తుంది.

అక్కడ కొత్త ఇల్లు కట్టుకోమని ఎవరైనా అంటారు. వినకు. ఆ పాత ఇల్లు బావ చేతులకి కంఠతా వచ్చు. కొత్త ఇంట్లో పెడితే ఆశ్రమంలో పెట్టినట్టే, గోడలు తడుముకుంటూ బతకాలి. అందుకని ఇల్లు ఇల్లులాగే రావాలి, లోపల ఒక్క గరిటె కూడా చోటు మారకూడదు. కిందికొచ్చాక గడపలు కోసి నేలకి సమం చేయించు. గోడ పొడవునా బావ నడుం ఎత్తులో పట్టుకునే కర్ర, పొయ్యి చుట్టూ కమ్మీ, వంటగదిని ఆనుకుని మరుగుదొడ్డి. కొలతలతో బొమ్మ వేసి పంపుతాను.

ఎలాదియోని పిలువు. ఈ వైపు దీవుల్లో ఎడ్లని కట్టి ఇల్లు లాగించడంలో అతని తర్వాతే ఎవరైనా. మార్చిలో నేనూ వస్తాను. నా చేత్తో కర్రలు బిగిస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

తమ్ముడు
లిబోరియో


కిల్చే
20 ఫిబ్రవరి

లిబోరియో,

నీ ఉత్తరం చదివి వినిపించాను. పెళ్ళి సంగతికి పగలబడి నవ్వాడు. ఇల్లు సంగతి నిన్న పొద్దున మేతే ఆకుల కషాయం తాగుతూ తనే ఎత్తాడు. "లాగించండి. కానీ ఇల్లు కదిలేటప్పుడు నేను లోపలే ఉంటాను. పడవ కదులుతుంటే పడవవాడు ఒడ్డున నిలబడతాడా?" అన్నాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. సరేనన్నాను.

ఎలాదియో వచ్చి చూశాడు. ఇంటి ముందు గుట్ట నిటారుగా ఉంది, అటు దించితే ఇల్లు ఎడ్ల మీద పడుతుందన్నాడు. ఇంటి వెనకనున్న వంటగది వైపు మోకులు కట్టి, వెనక మెరక మీదుగా చుట్టు తిప్పి దించుతాడట. వాళ్ళ నాన్న చనిపోయినప్పుడు శవపేటికను మీ బావే పడవలో సమాధుల దీవికి దాటించాడు, ఆ రుణం తీర్చుకుంటానన్నాడు. ఊళ్ళో ఎవరికీ కూలి ఇవ్వక్కర్లేదు, తిండి పెట్టాలి అంతే. ఆ అంతేలోనే ఉంది కథ. పందిని కోయాలి, బంగాళాదుంపలు తురమాలి, ఆపిల్ పళ్ళ కల్లు పీపాలు తేవాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ లాగి చూడమని ఎవరూ అనలేదు. లాగి చూసినవాడు చెప్పడానికి మిగిలి ఉండడు.

మార్చి చివరి ఆదివారం అనుకున్నాం. వచ్చిన వాళ్ళందరికీ మా తమ్ముడు వస్తున్నాడని చెబుతున్నాను. నీ మంచం నాన్న చివరి రోజుల్లో ఉన్న గదిలో వేస్తాను.

అక్క


పుంటా అరేనాస్
10 మార్చి

అక్కా,

రాలేకపోతున్నాను. కార్ఖానాలో తెమలని పని పడింది. బొమ్మలు, కొలతలు ఈ కవరులో ఉన్నాయి, ఎలాదియోకి ఇవ్వు. అవి చూసి చేస్తే నేను వచ్చినట్టే. కర్ర చివర్లు గుండ్రంగా చెక్కించు, లేకపోతే చొక్కా చేతులు తగులుకుంటాయి.

కోపం తెచ్చుకోకు.

లిబోరియో


కిల్చే
10 ఏప్రిల్

తమ్ముడికి,

ఇల్లు కిందికి వచ్చింది. కిటికీ అద్దాలు కూడా పగల్లేదు. నువ్వు రాలేదు. అందరూ అడిగారు. కార్ఖానాలో పని అని చెప్పాను. అక్క ఇల్లు కదిలే రోజు కన్నా తియ్యటి పని ఏముంటుందో అని ఎలాదియో భార్య అంది. నేను దుంపలు తురుముకుంటూ కూర్చున్నాను.

అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే జనం వచ్చారు, పక్క దీవుల వాళ్ళు కూడా. ఇంటి కింద దుంగలు దూర్చి, మోకులు కట్టి, ఎడ్ల జతల్ని బారుగా నిలబెట్టారు. మీ బావ లోపల తన కుర్చీలో, ఆరిన పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఇల్లు కదిలేసరికి కిటికీలోంచి తల బయట పెట్టి, తెడ్డు వెయ్యండిరా, గాలి మారుతోంది అని కేకలు పెట్టాడు. జనం నవ్వలేక చచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు. ఇల్లు వెళ్ళిన దారంతా నాగలితో దున్నినట్టు ఒక పెద్ద చాలు పడింది.

చేలో ఇల్లు నిలబెట్టాక, "ఇంటి మొహం ఎటుంది?" అని అడిగాడు. ఎలాదియో రోడ్డుకి అన్నాడు. వంటగది ముందుగా వచ్చింది కదా, అది సముద్రం వైపు పడింది, వాకిలి రోడ్డుకి, కొండకి పడింది.

"తిప్పండి," అన్నాడు మీ బావ.

ఎడ్లు నురగలు కక్కుతున్నాయి, మాంసం ఉడికింది, పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. ఎలాదియో నా వైపు చూశాడు. నేను, ఇలాగే బాగుంది, వదిలెయ్ అన్నాను. నిజంగానే నాకు బాగుంది లిబోరియో. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ వాకిట్లో నిలబడి సముద్రం వైపు చూసి చూసి, పడవ వస్తుందా రాదా అని గుండె చేత్తో పట్టుకుని బతికాను. ఇప్పుడు తలుపు తీస్తే రోడ్డు, మనుషులు, బస్సు. ఎవరో ఒకరు పలకరిస్తారు.

మీ బావ తల లోపలికి తీసుకుని కిటికీ మూసేశాడు. విందులో మాంసం ముట్టలేదు. అప్పట్నుంచీ కుర్చీలో కూర్చునే ఉంటున్నాడు. నువ్వు చెప్పినవన్నీ చేయించాను. కర్రలు పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు, బయటికి మాత్రం రాడు.

ఒతీలియా


పుంటా అరేనాస్
27 ఏప్రిల్

అక్కా,

ఎలాదియో భార్య మాట నాకు రాయాల్సిన పని లేదు. నా పని ఏమిటో నాకు తెలుసు. అది అలా ఉంచు.

ఇల్లు క్షేమంగా దిగింది, అది చాలు. వాకిలి సంగతి పట్టించుకోకు. సముద్రం వైపు తలుపుంటే ఆ గాలికి చలికాలం ఇల్లు వెచ్చబడదు. నేనున్నా అలాగే పెట్టించేవాణ్ణి.

బావ అలగడం నాకు తెలియనిదా? కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ చేతికి అందిస్తున్నావు, అందుకే అలా ఉన్నాడు. పనిలేని పడవవాడు ఒడ్డుకి లాగిన పడవ లాంటివాడు, చెక్కలు విచ్చిపోతాయి. ఆయనకి ఒక పని అప్పజెప్పు. పొయ్యికి కట్టెలు తెచ్చే పని ఇవ్వు. వాకిలికి ఎదురుగా కట్టెల పాక వేయించు, తలుపు నుంచి పాక దాకా నడుం ఎత్తులో తాడు కట్టు. తాడు పట్టుకుని వెళ్ళి, తాడు పట్టుకుని వస్తాడు. నెల తిరిగేలోపల నిన్ను తిట్టడం మొదలెడతాడు చూడు.

బావా, వింటున్నావా? అక్కకి కట్టెలు బాకీ ఉన్నావు.

లిబోరియో


కిల్చే
5 జూలై

తమ్ముడూ,

మీ బావ పోయాడు. తంతి ఇద్దామంటే కాస్త్రో వెళ్ళే ఓపిక లేకపోయింది. నిన్న మట్టి చేశాం.

నువ్వు చెప్పినట్టే కట్టెల పని ఇచ్చాను. నీ మాటే నిజమైంది, మనిషి మళ్ళీ మనిషయ్యాడు. తాడు కట్టినప్పుడు, నేనేం పందినా కట్టేయడానికి అని గింజుకున్నాడు గానీ, మర్నాటికి అలవాటు పడ్డాడు. కట్టెలు తెచ్చి పొయ్యి పక్కన పేర్చి, చూశావా నీ మొగుడి బలం అనేవాడు. నర్సు వచ్చి చూసి ఆశ్రమం జాబితాలో పేరు కొట్టేసింది. ఆ సాయంత్రం ఇద్దరం గ్లాసు కల్లు తాగాం. గెలిచామనుకున్నాను.

ఆయన తప్పిపోయిన రోజు పొగమంచు దట్టంగా పట్టింది. గుడ్లు అమ్మడానికి బస్సులో వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉంది, పొయ్యి ఆరిపోయింది. పాకలో లేడు. కేక వేస్తే ఊరంతా వచ్చారు. అందరం సముద్రం వైపే పరిగెత్తాం. పడవవాడు ఇంకెక్కడికి పోతాడు? ఆటుకి బయటపడిన బురదలో, రాళ్ళ మీద, పడవలు తీసుకుని నీళ్ళలో కూడా వెతికారు. వాన మొదలైంది. ఎవ్వరూ కొండ వైపు చూడలేదు.

తెల్లారాక ఎలాదియో ఎడ్ల కోసం కొండెక్కి చూశాడట. పాత ఇల్లు ఉన్న చోట, పునాదిగా మిగిలిన మొండి మొద్దుల మధ్య కూర్చుని ఉన్నాడట. తెచ్చిన కట్టెలు పక్కన పేర్చి ఉన్నాయి, మా పొయ్యి ఉండే చోటే. ఒళ్ళు మంచుగడ్డ. భుజాల మీద మోసుకొచ్చారు.

కొన్నాళ్ళు ఊపిరితో ఉన్నాడు. నర్సు సూదులు వేసింది. ఒక్కసారి తెలివొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "తలుపు కోసం తడిమాను ఒతీలియా, దొరకలేదు. నువ్వూ ఇల్లూ నన్ను వదిలేసి పోయారనుకున్నాను" అన్నాడు. ఇక్కడే ఉన్నాను, ఇదే మన ఇల్లు అన్నాను. విన్నాడో లేదో తెలియదు.

ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. ఇంత చేశాం, నువ్వు అన్ని బొమ్మలు గీశావు, ఊరంతా చెయ్యి వేసింది. అయినా ఆయనకి ఈ ఇల్లు పట్టలేదు. మనసు పాత చోటే ఉండిపోయింది. కట్టెలు తీసుకుని అక్కడికే పోయాడు. నన్ను కాదని పోయాడు లిబోరియో.

నువ్వు ఈసారి కూడా రావులే. కార్ఖానాలో పని ఉంటుంది.

ఒతీలియా


పుంటా అరేనాస్
24 జూలై

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు ఒకటి చెప్పేస్తాను. మార్చిలో కార్ఖానాలో పని లేదు. నీ దగ్గరికి వచ్చే ముందు మా ఇంటి అటక మీదున్న పనిముట్లు దించుతూ నిచ్చెన మీద నుంచి పడ్డాను. తుంటి విరిగింది. ఆ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద రాశాను. బావ పడ్డాడని బాధపడుతున్న దానికి, నేనూ పడ్డానని ఏ మొహంతో రాయను? ఇప్పటికీ చంకకర్రల మీదే ఉన్నాను. ఓడ ఎక్కనివ్వరు.

ఇప్పుడు రెండోది. మంచం మీద పడుకుని నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచీ మళ్ళీ చదివాను. అక్కా, బావ పాత ఇంటికి పోలేదు. నిన్ను కాదని పోలేదు.

ఆయన లెక్క నువ్వే రాశావు. సముద్రం మొహానికి తగిలితే బయటికి, వీపుకు తగిలితే ఇంటికి. జీవితమంతా అదే లెక్క. నేను తాడు కట్టమన్నాను, కానీ కట్టెలు మోసేవాడికి రెండు చేతులూ నిండిపోతాయని నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ కట్టెల్ని చంకన ఇరికించుకుని ఒక చేత్తో తాడు పట్టుకుని వచ్చి ఉంటాడు. ఆ రోజు చలికి రెండు చేతుల నిండా తెచ్చి ఉంటాడు. తాడు లేదు. అప్పుడేం చేస్తాడు? సముద్రాన్ని వీపున పెట్టుకుని నడిచాడు. పాత ఇంట్లో అయితే వాకిట్లోకి వచ్చేసేవాడు. ఈ ఇల్లు పాకకి సముద్రం వైపు ఉంది, అలా నడిస్తే అడుగడుక్కీ ఇల్లు వెనకపడిపోతుంది. రోడ్డు దాటాడు, ఇల్లు లాగిన చాలు కాళ్ళకి తగిలింది, ఎత్తు ఎక్కుతున్నట్టు తెలిసింది, సరైన దారేనని నమ్మాడు.

ఇంటికే వస్తున్నాడక్కా. పైకి పోతున్నంతసేపూ నీ దగ్గరికే వస్తున్నాననుకున్నాడు. కట్టెలు నీ పొయ్యికే పెట్టాడు.

తిప్పండి అన్నాడని నువ్వు రాస్తే, అలగడం అనుకున్నాను. నేనున్నా అలాగే పెట్టించేవాణ్ణని రాశాను. నా చెయ్యి పడిపోతే బాగుండేది. ఇంటి లోపల గరిటె కూడా కదలకూడదన్నాను, ఇంటి బయట సముద్రమే చోటు మారిపోతే గుర్తించలేదు.

కాలు కుదురుకోగానే వస్తాను. వచ్చి ఆ ఇంటిని తిప్పిస్తాను. ఎంత కష్టమైనా తిప్పిస్తాను.

లిబోరియో


కిల్చే
18 ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని పాకలోకి వెళ్ళాను. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. హోరు వీపుకు తగిలేలా తిరిగి చేతులు చాపుకుని నడిచాను. గోడ తగలలేదు. ఏమీ తగలలేదు. బస్సువాడు హారన్ కొడితే కళ్ళు తెరిచాను, రోడ్డు మధ్యలో ఉన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఏడుపు రాలేదు, అలిగి పోయాడని నాలోనూ కోపం ఉండిపోయింది కదా. బస్సు ఆపి దిగిన వాళ్ళు నన్ను లోపలికి తెచ్చి మేతే కాచి ఇచ్చారు.

నీ తుంటి విరిగిన సంగతికి నిన్ను తిట్టాలని ఉంది, తర్వాత తిడతాను. కార్ఖానా పనంటూ నిన్ను దెప్పిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. చంకకర్రలతో మంచు మీద తిరగకు. నీ తప్పు ఎంత, నా తప్పు ఎంత అని తూచుకుంటూ కూర్చుంటే ఇద్దరికీ తెల్లారదు. తిప్పొద్దన్నది నేను. రోడ్డు కావాలనిపించింది. ఆ మాట నాతోనే ఉంటుంది, నువ్వు మోయకు.

ఎలాదియోకి నీ ఉత్తరం చదివి వినిపించాను. టోపీ చేతిలో పట్టుకుని విని, లేచి వెళ్ళిపోయాడు. నిన్న పొద్దున తలుపు తీసేసరికి వానలో ఎడ్ల జతలు నిలబడి ఉన్నాయి, ఊళ్ళో మగవాళ్ళంతా ఉన్నారు. దుంగలు కూడా తెచ్చారు. తిండి అక్కర్లేదు, కల్లు అక్కర్లేదు, సాయంత్రానికల్లా ఇంటి మొహం సముద్రానికి తిప్పేస్తాం, ఒక్క మాట చెప్పమన్నాడు.

నువ్వు రాసిందీ అదే కాబట్టి నీకూ అదే జవాబు. అతనితో అన్నాను, "వద్దు ఎలాదియో, ఎడ్లని తోలుకుపో. నాకు కళ్ళున్నాయి."

అక్క
ఒతీలియా